ఓడకూ ఒడ్డుకూ మధ్య: 1971 యుద్ధంలో ల్యాండింగ్ షిప్ మీద నా అనుభవం

1971 డిసెంబర్ యుద్ధం అనగానే మా విశాఖపట్నం వాళ్లకు మొదట గుర్తొచ్చేది పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ. డిసెంబర్ 3 అర్ధరాత్రి దాటాక హార్బరు ముఖద్వారం బయట అది మునిగిపోవడం, బీచ్ రోడ్డులో కట్టిన విజయ స్మారకం, ఏటా డిసెంబర్ 4న జరుపుకునే నేవీ డే ఇక్కడి పిల్లలకు కూడా తెలుసు. విమానవాహక నౌక విక్రాంత్ మీది విమానాలు అప్పటి తూర్పు పాకిస్తాన్‌లోని (ఇప్పటి బంగ్లాదేశ్) చిట్టగాంగ్, కాక్స్ బజార్ రేవుల మీద బాంబులు వేసిన సంగతీ చాలామంది విన్నదే. అదే యుద్ధం చివరి రోజుల్లో మన నౌకాదళం కాక్స్ బజార్ తీరంలో పదాతి సైనికులను ఓడల నుంచి నేరుగా ఇసుక మీదికి దించబోయిందని చెబితే మాత్రం, అలాంటిది కూడా జరిగిందా అని అడుగుతారు. జరిగింది. ఆ పనికి వెళ్లిన ఓడల్లో ఒకదాని మీద నేను ఇరవై ఏళ్ల వయసులో సీమన్‌గా ఉన్నాను. ల్యాండింగ్ షిప్ మీద ఒక మామూలు నావికుడు ఏం పని చేస్తాడో, ఆ పని అక్కడ ఎందుకు కష్టమైందో నాకు గుర్తున్నంత వరకూ రాస్తున్నాను.

మాది భీమునిపట్నానికి ఉత్తరంగా ఉన్న ఒక మత్స్యకారుల పల్లె. మా నాన్న తెప్ప మీద వేటకు వెళ్లేవాడు. నేను హైస్కూలు సగంలో ఉండగా నౌకాదళంలో బాయ్స్ ఎంట్రీకి మనుషులను తీసుకుంటున్నారని మా మాస్టారు చెబితే దరఖాస్తు పెట్టి, 1967లో విశాఖలోని ఐ.ఎన్.ఎస్. సర్కార్స్ అనే నౌకాదళ స్థావరంలో ఉన్న శిక్షణ కేంద్రంలో చేరాను. పరేడు, ఈత, తాళ్ల ముడులు, పడవ తెడ్లు వేయడం, కొద్దిగా లెక్కలు, ఇంగ్లిషు నేర్పేవాళ్లు. సముద్రం పక్కన పుట్టినవాణ్ణి కనుక ఈత, పడవ పని నాకు కొత్త కాలేదు. ఇస్త్రీ మడత చెడకుండా రోజంతా నిలబడడం, హిందీలో తిట్లు అర్థం చేసుకోవడం మాత్రమే కష్టంగా ఉండేవి. ఆ తర్వాత సీమన్ బ్రాంచిలో పడి, కొచ్చిలో కొంత శిక్షణ పూర్తి చేసుకుని, 1970లో ల్యాండింగ్ ఓడకు వచ్చాను.

అప్పటికి మన దగ్గర ఇలాంటి ఓడలు చాలా తక్కువ. 1949లో బ్రిటన్ నుంచి తెచ్చిన ‘మగర్’ ఒకటి. అది రెండో ప్రపంచ యుద్ధం నాటి నమూనా, పెద్దది, నెమ్మదైనది. 1960ల మధ్యలో పోలండ్‌లో కట్టగా వచ్చిన ‘ఘరియల్’, ‘గుల్దార్’ మరో రెండు. ఈ రెండూ పోల్నోచ్నీ తరగతికి చెందిన చిన్న ఓడలు. డెబ్బై మీటర్లు దాటిన పొడవు, సుమారు 800 టన్నుల బరువు, రెండు డీజిల్ ఇంజన్లు, ముందు భాగంలో తెరుచుకునే తలుపులు, వాటి వెనక కిందికి దిగే ర్యాంపు. లోపల పొడవాటి ట్యాంక్ డెక్ ఉంటుంది. అందులో అయిదారు ట్యాంకులు గానీ, అంత బరువుకు సరిపడా ట్రక్కులూ మనుషులూ గానీ పడతారు. పైన రాకెట్లు వదిలే గొట్టాలు ఉంటాయి. దిగబోయే ఒడ్డు మీద ముందుగా నిప్పుల వాన కురిపించడం వాటి పని.

బాల్టిక్ సముద్రపు చలి కోసం కట్టిన ఓడ బంగాళాఖాతంలో ఎలా ఉంటుందో అందులో పడుకున్నవాళ్లకే తెలుస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో నావికులు పడుకునే మెస్ డెక్‌లో పరుపు మీద చెయ్యి పెడితే కాలేది, అందుకని అందరం పై డెక్ మీదే చాపలు పరుచుకునేవాళ్లం. అంతకంటే పెద్ద ఇబ్బంది దాని అడుగు. ఒడ్డు ఎక్కాల్సిన ఓడ కనుక అడుగు చదునుగా ఉంటుంది, నీటిలోకి లోతుగా దిగదు. ముందు భాగం మీటరుకు కాస్త ఎక్కువ లోతు నీళ్లున్నా తేలుతుంది, వెనక భాగానికి రెండు మీటర్ల పైచిలుకు కావాలి. ఒడ్డు దగ్గర ఎంతో పనికొచ్చే ఈ గుణమే నడి సముద్రంలో ప్రాణం తీస్తుంది. చిన్న అలకు కూడా పక్కలకు ఊగుతుంది, ఎదురు అల వస్తే ముక్కు పైకి లేచి చప్పున నీటిని కొడుతుంది. ఫ్రిగేట్ల మీద పనిచేసి వచ్చిన పాత నావికులు కూడా మొదటి వారం మా ఓడ మీద అన్నం ముట్టేవాళ్లు కాదు.

ఇక అసలు పని. ఓడను కావాలని ఒడ్డుకు ఎక్కించడాన్ని మేం బీచింగ్ అనేవాళ్లం. మిగతా ఓడల కెప్టెన్లందరూ ఉద్యోగమంతా అడుగు నేలకు తగలకుండా చూసుకుంటారు. మా కెప్టెన్ మాత్రం తెలిసి తెలిసి నేలకు తగిలించి, దించాల్సింది దించి, మళ్లీ క్షేమంగా వెనక్కి లాక్కోవాలి. అందుకు ముందుగా పోటుపాట్ల లెక్క చూస్తారు. నీరు పెరుగుతున్న వేళ ఒడ్డెక్కితే, సైనికులు దిగేలోపు నీరు ఇంకొంచెం పెరిగి ఓడను మళ్లీ తేలుస్తుంది. నీరు తీస్తున్న వేళ ఎక్కితే కాస్త ఆలస్యమైనా ఓడ ఇసుక మీదే ఉండిపోయి, మళ్లీ పోటు వచ్చే దాకా శత్రువుకు గురిపెట్టడానికి వీలుగా కదలకుండా నిలబడుతుంది. లెక్క కుదిరాక ఓడ బరువు సర్దడానికి నీరు నింపే బ్యాలస్ట్ ట్యాంకుల్లో నీటిని సర్ది ముక్కును తేలిక చేస్తారు. ఓడ అడుగు వాలు ఒడ్డు వాలుకు దగ్గరగా రావాలన్నది ఉద్దేశం. తర్వాత వేగం తగ్గించి ఒడ్డుకు తిన్నగా వెళ్తూ, ఓడ పొడవుకు రెండు మూడు రెట్ల దూరం ఉందనగా వెనక లంగరు వదులుతారు.

ఈ వెనక లంగరే ల్యాండింగ్ ఓడకు ప్రాణం. ముక్కు ఇసుకలో పొడుచుకుని ఆగగానే కెరటాలు వెనక భాగాన్ని పక్కకు నెడతాయి. ఒకసారి ఓడ ఒడ్డుకు అడ్డంగా తిరిగిందంటే ఇక దాన్ని లాగడం ఎవరి వల్లా కాదు. లంగరు వైరు బిగువుగా ఉండి వెనక భాగాన్ని పట్టి ఉంచుతుంది, ఇంజన్లు నెమ్మదిగా ముందుకు తిరుగుతూ ముక్కును ఇసుకకు అదిమి ఉంచుతాయి. పని అయ్యాక ఇంజన్లను వెనక్కి తిప్పుతూ వించితో వైరును చుట్టుకుంటూ పోతే, ఓడ తన లంగరు దగ్గరకు తానే వెళ్తుంది. ముందుకు వెళ్లేటప్పుడు ఆ వైరును వదిలే మనిషికి చాలా ఒడుపు కావాలి. మరీ బిగిస్తే లంగరు జారుతుంది, మరీ వదిలితే వైరు వెళ్లి ప్రొపెల్లర్‌కు చుట్టుకుంటుంది. మా ఓడ మీద ఆ పని చేసే పెట్టీ ఆఫీసర్ మలబారు ప్రాంతం వాడు. వించి దగ్గర ఉన్నంతసేపూ ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు, ఆఫీసర్ పలకరించినా తల ఊపి ఊరుకునేవాడు.

నా చోటు ఓడ ముక్కు మీద. ఒడ్డు దగ్గర పడుతున్న కొద్దీ నీటి లోతు కొలిచి అరిచి చెప్పడం నా పని. లోతు ఎక్కువగా ఉన్నప్పుడు లీడ్ లైన్ వాడేవాళ్లం. అయిదు కిలోలకు అటూ ఇటూ తూగే సీసపు గుండుకు కట్టిన పొడవాటి తాడు అది. ఫాదం అంటే ఆరడుగులు. తాడు మీద రెండు ఫాదంల దగ్గర రెండు తోలు ముక్కలు, మూడు దగ్గర మూడు తోలు ముక్కలు, అయిదు దగ్గర తెల్లటి నూలు గుడ్డ, ఏడు దగ్గర ఎర్రటి ఉన్ని గుడ్డ ఉంటాయి. తోలుకూ, నూలుకూ, ఉన్నికీ తాకిడిలో తేడా ఉంటుంది కనుక చీకట్లో వేళ్లతోనో పెదవులతోనో తడిమి లోతు చెప్పవచ్చు. గుండు అడుగున చిన్న గుంట ఉంటుంది. అందులో కొవ్వు పూస్తే అడుగున ఉన్న ఇసుకో బురదో గులకరాయో అంటుకుని పైకి వస్తుంది. రెండు ఫాదంల లోపు లోతుకు రంగుల గీతలు వేసిన పొడవాటి కర్ర వాడేవాళ్లం. మా నాన్న కూడా లోతును బారల్లో కొలిచేవాడు. బారకూ ఫాదంకూ పెద్ద తేడా లేదు. అందువల్ల ఈ పని నాకు త్వరగానే అబ్బింది, ఆఫీసర్లు కూడా ముక్కు మీద నన్నే నిలబెట్టేవాళ్లు.

ఈ కొలతకు ఒక హద్దు ఉంది. గుండు గానీ కర్ర గానీ ఓడ ముక్కు కింద ఎంత నీరుందో చెబుతాయే తప్ప, ముక్కుకు ఇరవై గజాల ముందు ఎంత నీరుందో చెప్పవు. ఒడ్డు వాలు ఒకే తీరుగా ఉన్నచోట దీనివల్ల నష్టం లేదు. లోతు తగ్గుతూ వచ్చి ఓడ ఆగిందంటే దాని ముందు ఇంకా తక్కువ నీరు ఉంటుందన్నమాట. కానీ మన తూర్పు తీరంలో, ఇంకా ఉత్తరాన బెంగాల్ వైపు మరీ ఎక్కువగా, ఒడ్డుకు సమాంతరంగా నీటి అడుగున ఇసుక మేటలు వేస్తాయి. మేటకూ ఒడ్డుకూ నడుమ కాలువలా ఒక పల్లం ఉంటుంది. నైరుతి రుతుపవనాల కెరటాలు ఏటా ఆ ఇసుకను కదుపుతాయి కనుక, ఈ ఏడు మేట ఉన్నచోట వచ్చే ఏడు ఉండదు. ఏ చార్టులోనూ దాన్ని నమ్మకంగా గుర్తించలేరు. వేటకు వెళ్లేవాడు మాత్రం కెరటం ఎక్కడ విరుగుతోంది, ఎక్కడ విరగకుండా నల్లగా జారిపోతోంది అని చూసి పల్లం ఎక్కడుందో చెప్పగలడు. నేను చిన్నప్పుడు తెప్పను ఒడ్డుకు తోసే తొందరలో ఉంటే మా నాన్న, ‘ఒడ్డు కనబడ్డాది గదా అని తోసేస్తావేట్రా? ఒడ్డుకీ నీకూ మజ్జిన ఏటుందో ముందు సూడాల’ అనేవాడు.

మా పల్లెలో నేను చినతాత అని పిలిచే ఒకాయన బ్రిటిష్ వాళ్ల కాలంలో రాయల్ ఇండియన్ నేవీ ల్యాండింగ్ క్రాఫ్ట్ దళంలో పనిచేసి, 1945లో బర్మా అరకాన్ తీరానికి వెళ్లి వచ్చాడు. జనవరి 3న అక్యాబ్ దగ్గర, ఆ తర్వాత మ్యేబోన్, రామ్రీ, కంగావ్ దగ్గర జరిగిన ల్యాండింగుల గురించి ఆయన చెప్పినవన్నీ నాకు గుర్తు లేవు గానీ, మ్యేబోన్ బురద గురించి చెప్పింది గుర్తుంది. పడవ ముందు తలుపు దించితే దిగినవాళ్లు నడుము లోతు బురదలో దిగబడిపోయారట. తుపాకులు తలమీద పెట్టుకుని ఒకరినొకరు లాక్కుంటూ ఒడ్డు చేరడానికి చాలాసేపు పట్టిందట. కాక్స్ బజార్‌కు దక్షిణాన నాఫ్ నది దాటితే మొదలయ్యేది ఆ అరకాన్ తీరమే. ఇరవై ఆరేళ్ల తర్వాత మేం వెళ్లింది దాని పొరుగుకే.

యుద్ధం మొదలైన రాత్రి నేను విశాఖలో లేను, మా ఓడ సముద్రంలో ఉంది. మార్గశిర పౌర్ణమి వెళ్లిన మర్నాడు అది. పెదజాలారిపేటలో ఉండే మా అక్క తర్వాత చెప్పింది, బ్లాకవుట్ అని ఊరంతా దీపాలు ఆర్పేసినా పిండారబోసినట్టు వెన్నెల కాసి సముద్రం మొత్తం కనబడుతూనే ఉందని, అర్ధరాత్రి దాటాక పెద్ద చప్పుడై ఇంటి తలుపులు అదిరాయని. మాకు రేడియోలో వచ్చిన ముక్కలు తప్ప ఏమీ తెలియదు. ఓడ మీద పగలు తుపాకుల దగ్గర కాపలా, రాత్రి చీకట్లో ప్రయాణం, మధ్యలో ఇంజన్ గది వాళ్లకు సాయం. మొదటి వారం ఇలా గడిచింది. అందులో చెప్పుకోదగ్గదేమీ లేదు.

రెండో వారంలో పని ఏమిటో తెలిసింది. తూర్పు పాకిస్తాన్‌లో పాక్ సైన్యం అన్ని వైపులా కూలుతోంది. ఢాకా వైపు మన దళాలు దూసుకుపోతున్నాయి. చిట్టగాంగ్ వైపు ఉన్న పాక్ సైనికులు తీరం వెంట దక్షిణంగా కాక్స్ బజార్, టెక్నాఫ్ మీదుగా బర్మాలోకి జారుకునే అవకాశం ఉంది కనుక, ఆ దారికి అడ్డంగా సముద్రం వైపు నుంచి సైన్యాన్ని దించాలన్నది ఆలోచన. అందుకు కేటాయించిన దళానికి రోమియో ఫోర్స్ అని పేరు పెట్టారు. 3వ గూర్ఖా రైఫిల్స్ మొదటి బెటాలియన్, దానికి తోడు బిహార్ రెజిమెంట్ 11వ బెటాలియన్ నుంచి కొందరు. వాళ్లను కలకత్తాలో ‘విశ్వ విజయ్’ అనే సరుకు ఓడ ఎక్కించి పంపారు. సరుకు ఓడ ఒడ్డెక్కలేదు కాబట్టి, సముద్రం మధ్యలో వాళ్లను మా ఓడల్లోకి మార్చుకుని మేం ఒడ్డుకు చేర్చాలి.

ఆ మార్పిడి నేను అనుకున్నదానికంటే చాలా ఎక్కువ సమయం తీసుకుంది. సరుకు ఓడ గోడ ఎత్తుగా ఉంటుంది, మా డెక్ చాలా కింద ఉంటుంది. పెద్ద ఓడ కదలకుండా నిలబడినట్టుంటే, దాని పక్కన మాది ప్రతి ఉబ్బుకూ రెండు మూడు అడుగులు లేచి పడుతోంది. సైనికుడు వల నిచ్చెన పట్టుకుని కిందికి దిగి, మా డెక్ పైకి లేచిన క్షణం చూసి కాలు పెట్టాలి. క్షణం అటూ ఇటూ అయితే రెండు ఓడల గోడల మధ్య నలిగిపోతాడు. వీపు మీద సంచి, భుజాన తుపాకీ, కొందరి దగ్గర మోర్టార్ భాగాలు, తూటాల పెట్టెలు. మేం నలుగురైదుగురం నిచ్చెన కింద నిలబడి ఒక్కొక్కరినీ నడుము పట్టుకుని లోపలికి లాక్కున్నాం. వాళ్లలో చాలామంది నేపాల్ కొండల వాళ్లు, సముద్రాన్ని అంతకు ముందు చూడనివాళ్లు. ఓడ నుంచి ఒడ్డుకు దిగే శిక్షణ గానీ ఒక్కసారి రిహార్సల్ గానీ లేకుండా వచ్చినవాళ్లు. అప్పటికే రెండు రోజుల ప్రయాణంలో వాంతులతో ముఖాలు పీక్కుపోయి ఉన్నాయి. అయినా ట్యాంక్ డెక్‌లో కూర్చోగానే తుపాకులు విప్పి ఉప్పు నీటి చుక్కలు తుడుచుకోవడం మొదలుపెట్టారు. మా వంటవాడు పెద్ద గంగాళంతో చాయ్ పట్టుకెళ్తే తాగినవాళ్లు కొందరే.

వాళ్లలో నా వయసు కుర్రవాడొకడు నా కర్ర మీది గీతలు చూసి అదేమిటని హిందీలో అడిగాడు. నీళ్ల లోతు చూసేదని చెబితే, దిగేటప్పుడు ఎంత లోతు ఉంటుందని అడిగాడు. మాకు చెప్పినంత వరకూ మోకాళ్ల పైకి, మహా అయితే నడుము దాకా అని చెప్పాను. ఈత వచ్చా అని నేను అడిగితే నవ్వి తల అడ్డంగా ఊపాడు.

అమావాస్య దగ్గర పడుతున్న రోజులవి. రాత్రి గాఢమైన చీకటి. అమావాస్య దగ్గర పోటుపాట్ల తేడా కూడా ఎక్కువగా ఉంటుంది. మా విశాఖ తీరంలో పెద్ద పోటుకూ పెద్ద పాటుకూ తేడా రెండు మీటర్లు కూడా ఉండదు; బంగాళాఖాతం ఉత్తరానికి వెళ్లే కొద్దీ అది పెరుగుతుంది, కాక్స్ బజార్ దగ్గర మూడు మీటర్ల దాకా పోతుంది. అంత పల్చని వాలున్న ఒడ్డు మీద మూడు మీటర్ల నీరు ఎక్కి దిగితే, నీటి అంచు వందల గజాలు ముందుకూ వెనక్కూ జరుగుతుంది, ఇసుక మేటలు అంత విశాలంగా పరుచుకుంటాయి. నూట ఇరవై కిలోమీటర్ల పొడవున ఎక్కడా తెగకుండా సాగే ఆ తీరాన్ని లోకమంతా అందంగా ఉంటుందని పొగుడుతుంది. ఓడ ఎక్కించాల్సినవాడి కళ్లతో చూస్తే అది మరీ చదునైన, నమ్మరాని ఒడ్డు.

తెల్లవారుతుండగా ఒడ్డు కనబడింది. వెనక చిన్న కొండలు, వాటి ముందు పొగమంచు, దాని కింద బూడిద రంగు గీతలా ఇసుక. ఎదురు కాల్పులు ఏమీ లేవు. అందరం మా మా చోట్లకు వెళ్లాం. వెనక లంగరు పడిన అదురు ముక్కు దాకా తెలిసింది. నేను కర్రతో కొలుస్తూ అరుస్తున్నాను, పక్కన ఒకడు ఆ అంకెలను ఫోనులో కెప్టెన్ ఓడ నడిపించే బ్రిడ్జికి చెబుతున్నాడు. లోతు చెప్పుకోదగ్గంత సాఫీగా తగ్గుతూ వచ్చింది. నా కళ్ల ముందు కెరటాలు రెండు వరసల్లో విరుగుతున్నాయి, రెండు వరసల నడుమ ఒక పట్టీలా నీరు నున్నగా ఉంది. అది నేను చెప్పాను, ఫోనులోని వాడు పైకి చేరవేశాడు. కానీ ఆ దూరం నుంచి దాని లోతు ఎంతో ఎవరు మాత్రం చెప్పగలరు? ఓడ అడుగు ఇసుకకు రాసుకుంటూ పోయి, కుదుపు లేకుండా ఆగింది. బీచింగ్‌గా చూస్తే చక్కగా కుదిరిన బీచింగ్ అది. తలుపులు తెరుచుకున్నాయి, ర్యాంపు దిగింది.

మొదటి వరస జవాన్లు దిగారు. రెండు మూడు అడుగులు వేసేదాకా నీరు మా వాళ్లు చెప్పినట్టే నడుము దగ్గరే ఉంది. ఆ తర్వాత ముందున్నవాళ్లు ఉన్నట్టుండి కనబడలేదు. మేం ఆగింది ఇసుక మేట మీద. దాని అవతల మనిషి ఎత్తుకు మించిన పల్లం. వీపు మీద బరువు, తడిసిన ఉన్ని దుస్తులు, కాళ్లకు బూట్లు, ఈత రాకపోవడం, పైన కెరటం. ఇన్ని ఒకేసారి వచ్చిపడితే ఎంత ధైర్యవంతుడికైనా చేయగలిగింది ఉండదు. మేం తాళ్లు, లైఫ్ బోయిలు విసిరాం, ఈత వచ్చిన నావికులు కొందరు దూకారు, నేను కర్రను చాచి ఒకరిద్దరికి అందించాను. కర్ర పట్టుకున్నవాడు తుపాకీని మాత్రం వదల్లేదు. దాన్ని వదిలెయ్యమని తెలుగులో అరిచాను, హిందీ ఆ క్షణంలో నాకు తట్టలేదు. పైకి లాగినవాళ్లను లాగాం. అందరూ పైకి రాలేదు.

దిగడం వెంటనే ఆపేశారు. ర్యాంపు లేపి, తలుపులు మూసి, వెనక వైరును చుట్టుకుంటూ వెనక్కి వచ్చాం. నాతో ముందు రోజు మాట్లాడిన కుర్రవాడు తర్వాతి వరసల్లో ఉన్నాడు కనుక దిగలేదు. ట్యాంక్ డెక్‌లో గోడకు ఆనుకుని కూర్చున్న అతని దగ్గరకు వెళ్లి మాట్లాడడానికి నాకు మాటలు దొరకలేదు. అంతసేపూ ఒడ్డు మీద నుంచి ఒక్క తూటా రాలేదు. పాక్ సైన్యం అప్పటికే అక్కడ లేదు, ఊరు బంగ్లాదేశ్ విముక్తి కోసం పోరాడుతున్న ముక్తి బాహిని చేతిలో ఉందని తర్వాత తెలిసింది. ఆ ఒడ్డు మీద ఒకే ఒక్క మెషిన్ గన్ ఉండి ఉంటే, మేట మీద తలుపులు తెరుచుకుని నిలబడిన ఓడకూ, పల్లంలో మునిగి తేలుతున్న మనుషులకూ ఏం జరిగేదో ఊహించడం కష్టం కాదు.

ఆఖరికి దళాలను ఒడ్డు చేర్చినవి స్థానికుల పడవలు. ఆ తీరపు పడవలు నాకు కొత్తగా అనిపించాయి. ముందూ వెనకా రెండు కొసలూ నెలవంకలా పైకి లేచి ఉంటాయి, కెరటం ఎటు నుంచి వచ్చినా లోపలికి నీరు పడదు. వాటిని నడిపినవాళ్లు నల్లగా, సన్నగా, లుంగీలు పైకి కట్టుకుని, అచ్చం మా పల్లె మనుషుల్లానే ఉన్నారు. మా ఓడ పక్కకు వచ్చి ఆరేడుగురిని ఎక్కించుకుని, తిన్నగా ఒడ్డుకు పోకుండా పక్కకు కొంత దూరం వెళ్లి, మేటలో ఎక్కడో ఉన్న గండి గుండా లోపలికి జొరబడి, పల్లం వెంట నడిపి, ఇసుక మీద దింపుతున్నారు. ఒక్క పడవ కూడా మేం ఆగినచోట ఒడ్డుకు పోవడం నేను చూడలేదు. చిన్న పడవలు కనుక పని చాలా నెమ్మదిగా సాగింది. అలా దళమంతా దిగడం పూర్తయ్యే లోపే, డిసెంబర్ 16న ఢాకాలో పాక్ సైన్యం లొంగిపోయింది. రేడియోలో ఆ వార్త విని డెక్ మీద అందరం కేకలు వేశాం, నేనూ వేశాను. ఆ రాత్రి మెస్‌లో ఎవరూ ల్యాండింగ్ గురించి మాట్లాడలేదు.

దీన్ని వైఫల్యమని చరిత్ర రాసేవాళ్లు ఒక వాక్యంలో తేల్చేస్తారు, అందులో తప్పు పట్టడానికి లేదు. అయితే అందులో పాల్గొన్నవాడిగా నాకు కనబడిన కారణాలు చెప్పాలి. పైవాళ్లకు గడువు కొద్ది రోజులే ఉంది. ల్యాండింగ్ చేయబోయే ఒడ్డును ముందుగా రాత్రిపూట ఈతగాళ్లు వెళ్లి అంగుళం అంగుళం కొలిచి రావాలి. విమానం నుంచి తీసిన ఫొటో నీటి అడుగున ఉన్న పల్లాన్ని చూపించదు, చార్టులో గత సర్వే నాటి లోతు ఉంటుందే గానీ ఈ ఏటి రుతుపవనం చేసిన మార్పు ఉండదు. సైన్యానికీ నౌకాదళానికీ కలిపి సాధన ఉండాలి, కనీసం ఒక్కసారైనా ఆ జవాన్లను ర్యాంపు నుంచి నీటిలోకి దించి చూడాలి. ఇవేవీ ఆ కొద్ది రోజుల్లో జరగలేదు. ఇవన్నీ లేకపోయినా ఇంకొక తేలిక దారి ఉండేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. ఒడ్డున పాక్ సైన్యం లేదని, జనం మన పక్షాన ఉన్నారని ముందే తెలిసి ఉంటే, ఒక జాలరిని ఓడ మీదికి పిలిపించి ముక్కు మీద నిలబెట్టుకుంటే సరిపోయేది. ఈ మాట అప్పట్లో ఒక ఆఫీసర్‌తో అన్నాను; ఆయన కోప్పడలేదు, కానీ యుద్ధంలో శత్రు తీరపు మనిషిని ఎంతవరకూ నమ్ముతామని తిరిగి అడిగాడు. అదీ ఆలోచించాల్సిన ప్రశ్నే.

యుద్ధం తర్వాత సాధన తీరు మా ఓడ మీద మారింది. 1972 నుంచి ఏ ఒడ్డు దగ్గర బీచింగ్ చేసినా, ముందు రోజు నీరు బాగా తీసిన వేళ ఒక రబ్బరు పడవలో నలుగురం వెళ్లి, ర్యాంపు దిగే చోటు నుంచి పొడి ఇసుక దాకా నడిచి, ప్రతి అయిదు గజాలకూ కర్ర దించి లోతు రాసుకునేవాళ్లం. మేట కనబడితే గండి వెతికేవాళ్లం, గండి దొరక్కపోతే చోటు మార్చమని చెప్పేవాళ్లం. అసలు దిగేటప్పుడు కూడా ర్యాంపు వాలగానే నడుముకు తాడు కట్టుకున్న నావికుడు ఒకడు కర్రతో ముందు దిగి, ఒడ్డు దాకా వెళ్లి, ఆ తాడును ఇసుక మీద పాతిన మేకుకు కట్టేవాడు. ఆ తాడు పట్టుకునే సైనికులు దిగేవాళ్లు. భీమిలి వైపు తీరంలో సాధన చేసిన రోజుల్లో ఆ ముందు దిగే పని ఎక్కువసార్లు నాకే పడేది. 1974లో కొచ్చికి బదిలీ అయ్యే వరకూ ఆ పని చేశాను; వెళ్లే ముందు నా తర్వాత ముక్కు మీద నిలబడాల్సిన ఒడియా కుర్రవాడికి కెరటం చూసి పల్లం గుర్తుపట్టడం నేర్పించి, కర్ర అతని చేతికి ఇచ్చాను.